రాతికి అంటుకున్నదీ, బురదలో దాగినదీ

మా అవ్వ మామిడికాయల చెక్కు తీసిన ఆల్చిప్ప ఇప్పటికీ మా వంటింటి గూట్లో ఉంది. చెరువులో దొరికిన చిప్పను బండ మీద నీళ్లు చల్లుకుంటూ రుద్దితే, ఉబ్బెత్తుగా ఉన్నచోట అరిగి కంత పడుతుంది. ఆ కంత అంచే కత్తి. తోతాపురి కాయ మీద లాగితే పచ్చటి చెక్కు సన్నటి పేలికలుగా లేచొస్తుంది. చిప్ప బయట నలుపు కలిసిన గోధుమరంగు, లోపల తెలుపు, వెలుతురులో తిప్పితే లేత గులాబీ మెరుపు. బయటి వైపు వేలితో తడిమితే అంచు పొడుగునా గీతలు తగులుతాయి. కొన్ని ఎడంఎడంగా ఉంటాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి పడ్డట్టు దగ్గరగా ఉంటాయి. నీళ్లు నిండుగా ఉండి ఆ ప్రాణి బాగా పెరిగిన కాలం ఎడం గీతల్లో ఉంది. చిప్పలు బిగించుకుని రోజులు వెళ్లదీసిన కాలం దగ్గరి గీతల్లో ఉంది. చెరువు పక్కన ఇల్లున్నవాళ్ల గూళ్లు వెతికితే ఇలాంటి లెక్కల పుస్తకం ఒకటైనా దొరుకుతుంది.

డిగ్రీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు ఈ ప్రాణినే యూనియో అన్న పేరుతో మైనపు పళ్లెంలో పెట్టి కోశాం. మన చెరువుల్లో ఎక్కువగా దొరికేదానికి శాస్త్రం పెట్టిన పేరు లామెల్లిడెన్స్ మార్జినాలిస్. ఈ చెరువు ప్రాణి తిరుపతి నుంచి బయల్దేరి ప్రపంచ శాస్త్ర పత్రికల దాకా వెళ్లిందని అప్పట్లో నాకు తెలియదు. దాన్ని అంత దూరం తీసుకెళ్లిన కె. పంపాపతి రావు, అంతకుముందే పసిఫిక్ తీరంలో దాని దూరపు చుట్టం మీద పేరు నిలిచే పని చేశారనీ తెలియదు. చాలా ఏళ్ల తర్వాత ఆయన పత్రాలు రెండు చోట్లవీ ఒకేసారి చేతికొచ్చాయి. పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకే మనిషి, ఒకే తరహా ప్రాణి. అయినా ఆ పత్రాలు రెండు వేరు వేరు దారుల్లో నడిచాయి. వాటి మధ్య ఖాళీ మిగిలిపోయిన చోటే మన చెరువు ఉంది.

ముందు పసిఫిక్ సంగతి. 1953లో ‘బయలాజికల్ బులెటిన్’లో వచ్చిన పత్రం చిన్నదే. అప్పుడాయన లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, థియోడర్ బుల్లక్‌తో కలిసి పనిచేస్తున్నారు. అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. పసిఫిక్ తీరం పొడవునా నారపోగులతో బండలకు అతుక్కుని బతికే కాలిఫోర్నియా ఆల్చిప్ప ఒకటే జాతి. దక్షిణాన లాస్ ఏంజెలిస్ దగ్గర నీళ్లు వెచ్చన, ఉత్తరాన వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫ్రైడే హార్బర్ దగ్గర చల్లన, నడుమ ఫోర్ట్ రాస్. ఆల్చిప్పకు ఊపిరైనా తిండైనా మొప్పల గుండా తోడుకునే నీళ్లలోంచే రావాలి. దానికి సొంత ఒంటివేడి లేదు. నీళ్లెంత వేడో ఒళ్లంత వేడి. ఇలాంటి ప్రాణుల్లో వేడి పది డిగ్రీలు పెరిగితే ఒంటిలోని పనుల వేగం రెండు మూడు రెట్లవుతుంది, తగ్గితే అదే లెక్కన పడిపోతుంది. మరి ఉత్తరాది ఆల్చిప్ప తక్కువ తోడుకుని అర్ధాకలితో బతుకుతోందా?

లేదని తేలింది. ఉత్తరాన సుమారు ఆరున్నర డిగ్రీల నీళ్లలో ఎంత జోరుగా తోడుతుందో, దక్షిణాన పన్నెండు డిగ్రీల నీళ్లలో అదే సైజుది దాదాపు అంతే జోరుగా తోడుతోంది. రెండింటినీ ఒకే వేడి నీళ్లలో పెట్టి చూస్తే చలినేలదే ముందుంటుంది. అంటే ఏ చోట పుట్టిపెరిగితే ఆ చోటి వేడికి తగ్గట్టు ఒళ్లు తన వేగాన్ని దిద్దుకుంది. ఈ పత్రం నాకెందుకు నచ్చిందంటే, ఇందులో ప్రాణిని చూస్తూ దాని ఊరిని చదవవచ్చు. తీరం మీద ముగ్గురు చుట్టాలను పక్కపక్కన నిలబెట్టి, వాళ్ల ఊపిరి లెక్కలోంచి వాళ్ల ఊళ్ల చలిని చెప్పించారు. పెద్ద పరికరాలు లేవు, పెద్ద మాటలు లేవు. తర్వాత రెండేళ్లకు బుల్లక్ ఈ అంశం మీద రాసిన సుదీర్ఘ సమీక్ష, అంటే వేడి మారినా ప్రాణులు తమ వేగాన్ని ఎలా నిలబెట్టుకుంటాయన్నది, ఇలాంటి కొలతల పునాది మీదే నిలబడింది.

దీని పక్కన పెట్టాల్సిన రెండో పత్రం దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2002లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. బ్రయన్ హెల్మత్, ఆయన తోటివాళ్లు రాశారు. అదే తీరం, అదే ప్రాణి. ఆయన చేసిన పని వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. ఆల్చిప్ప సైజులో, ఆల్చిప్ప రంగులో, ఎండను అదే తీరుగా పీల్చుకునే ఉత్తుత్తి ఆల్చిప్పలు చేసి, లోపల వేడిని నమోదుచేసే చిన్న యంత్రం పెట్టి, నిజం ఆల్చిప్పల గుంపుల మధ్య బండలకు అతికించారు. పోటు వచ్చినప్పుడు అది నీళ్లలో మునుగుతుంది, ఆటు వచ్చినప్పుడు ఎండలో మాడుతుంది. అసలు ప్రాణి ఒంట్లో ఎంత వేడి పుడుతోందో నెలల తరబడి అది రాసిపెడుతుంది.

ఆ రాతల్లో తేలింది ఏమిటంటే, దక్షిణానికి పోయేకొద్దీ ఆల్చిప్పకు వేడి ఎక్కువ అన్న లెక్క నిలవలేదు. ఉత్తరాన కొన్నిచోట్ల ఎండాకాలంలో నీళ్లు వెనక్కి తగ్గేది మిట్టమధ్యాహ్నం. దక్షిణ కాలిఫోర్నియాలో ఆ కాలంలో నీళ్లు బాగా తగ్గేది రాత్రిపూట. కాబట్టి చల్లని దేశమనుకున్న ఉత్తర తీరంలో కొన్ని బండల మీది ఆల్చిప్పలు, వందల మైళ్ల దక్షిణాన ఉన్నవాటికంటే ఎక్కువ ఉడుకుతున్నాయి. పటం మీద దక్షిణం ఎరుపు, ఉత్తరం నీలం అని రంగులు పూసుకుంటూ పోతే మోసపోతాం. ఇక్కడొక ఎర్రమచ్చ, అక్కడొక నీలిమచ్చ, అతుకుల బొంతలా ఉంది ఆ తీరం.

రెండో పత్రం చదివి మొదటిదాన్ని తోసిపుచ్చడం తేలిక. తరగతి గదుల్లో అలా చెప్పేవాళ్లను విన్నాను. నాకది న్యాయంగా తోచదు. పంపాపతి రావు కొలిచింది నీళ్లలో మునిగి ఉన్న ఆల్చిప్ప పనిని. హెల్మత్ కొలిచింది నీళ్లు వదిలేసిపోయిన ఆల్చిప్ప ఒంటివేడిని. ఒకటి బతుకు తెరువు లెక్క, ఇంకొకటి ప్రాణగండం లెక్క. రోజూ తిండి ఎంత దొరుకుతుందో నీళ్ల వేడి చెబుతుంది, ఏ రోజు చస్తుందో ఎండ చెబుతుంది. పైగా ఊరి పేరు ఒక్కటే ఒంటివేడిని చెప్పలేదన్న సంగతి పంపాపతి రావుకు తెలుసు. అదే 1953లో సెగల్, జేమ్స్‌లతో కలిసి ‘నేచర్’లో అచ్చువేయించిన చిన్న రచన అందుకు సాక్ష్యం. ఒకే బండ మీద, పైన ఎక్కువసేపు ఎండలో ఉండేవాటికీ, కింద ఎక్కువసేపు నీళ్లలో ఉండేవాటికీ పని వేగం వేరని అందులో చూపించారు. లాస్ ఏంజెలిస్‌కూ ఫ్రైడే హార్బర్‌కూ మధ్య ఉన్న తేడాలాంటిది బండ పైభాగానికీ కిందిభాగానికీ మధ్యే దొరికింది. హెల్మత్ వేసిన అడుగుకు ఆ రచనలోనే దారి ఉంది. ఆ దారిన ఎక్కువ దూరం వెళ్లేందుకు ఆ రోజుల్లో యంత్రం లేదు.

తర్వాత జరిగింది చూస్తే ఈ రెండు పత్రాలనూ కలిపి చదవక తప్పదు. 2019 జూన్‌లో ఉత్తర కాలిఫోర్నియాలోని బొడేగా హెడ్ దగ్గర కాలిఫోర్నియా ఆల్చిప్పలు బండల మీదే ఉడికి, నోళ్లు తెరుచుకుని గుట్టలుగా చచ్చిపోయాయి. లోపలి మాంసం ఎండిపోయినవి పరుపులు పరుపులుగా కనిపించాయి. బొడేగా, ఫోర్ట్ రాస్ రెండూ సొనోమా కౌంటీలోవే. అంటే పంపాపతి రావు నడుమ మెట్టుగా ఎంచుకున్న చోటికి పక్కనే. రెండేళ్లకు, 2021 జూన్ చివర్లో, కెనడా, వాషింగ్టన్ తీరాల మీద మండుటెండ గొడుగు పట్టినట్టు నిలిచిపోయింది. లిట్టన్ అనే ఊళ్లో 49.6 డిగ్రీలు నమోదయింది. బండల మీద 50 దాటింది. ఆటు మధ్యాహ్నం వచ్చిన రోజులవి. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయపు క్రిస్ హార్లీ అంచనా ప్రకారం తీరం మీద బతికే ప్రాణులు వందకోట్లకు పైగా చచ్చిపోయాయి. వాటిలో ఎక్కువ భాగం ఆల్చిప్పలు, బార్నకిల్‌లు. ఆ ఆల్చిప్పల్లో ఎక్కువ కాలిఫోర్నియా జాతి కాదు, దానికి దగ్గరి చుట్టమైన మరో జాతి. కానీ చోటు చూడండి. ఫ్రైడే హార్బర్ ఉన్నది ఈ తీరంలోనే. 1953 పత్రంలో అన్నిటికంటే చలినేల అదే.

చలికి తగ్గట్టు వేగం పెంచుకున్న ఒళ్లు ఎండను తట్టుకునేందుకు ఏం దాచుకుంది అన్న ప్రశ్న మొదటి పత్రంలో లేదు. ఇప్పుడు అది వేయకుండా ఆ పత్రాన్ని చదవలేను.

ఇక తిరుపతికి వద్దాం. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో మొదలైంది. అక్కడి జంతుశాస్త్ర శాఖలో పంపాపతి రావు తన పనికి చెరువు ఆల్చిప్పనూ, లాంపిటో మారిటై అనే మన నేల వానపామునూ ఎంచుకున్నారు. సముద్రం దగ్గర లేదు. ఉన్నదాంతో పని చేయాలన్న ఆ ఎంపికే నాకు గొప్పగా అనిపిస్తుంది. ఊరి చెరువులో, పెరటి మట్టిలో దొరికే రెండు మామూలు ప్రాణుల మీద 1960ల్లో వరసగా పత్రాలు వచ్చాయి. రక్తంలోని లవణాలు ఎలా మారతాయి, కణజాలంలో న్యూక్లిక్ ఆమ్లాలు, ప్రొటీన్లు ఎలా మారతాయి అని ఒక్కొక్కటిగా చూశారు. 1962లో ‘సైన్స్’లో ఆయన రచన వచ్చింది. 1963లో లెనిన్‌గ్రాడ్‌లో కణాలూ వాతావరణపు వేడీ అన్న అంశం మీద అంతర్జాతీయ సదస్సు జరిగితే, దాని సంపుటంలో మన ఆల్చిప్ప, మన వానపాము ఉన్నాయి. అలిపిరి దారిలో నడిచే జనానికి ఈ సంగతి తెలియకపోవడం ఒక లోటే.

ఈ పత్రాల శీర్షికల్లో మళ్లీ మళ్లీ కనిపించే మాట ఒకటుంది: ఉష్ణమండల ప్రాణుల్లో తక్కువ ఉష్ణోగ్రతకు సర్దుబాటు. తక్కువ ఉష్ణోగ్రత. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే నేల మీద, ఏడుకొండల రాయి సాయంత్రం దాకా సెగలు కక్కే ఊళ్లో, ప్రాణిని చల్లబరచి చూశారు.

మొదట చదివినప్పుడు నాకిది మింగుడుపడలేదు. ప్రశ్న చలిదేశాల నుంచి అరువు తెచ్చుకున్నట్టు అనిపించింది. తర్వాత ఆలోచిస్తే అందులో గట్టి తర్కం కనిపించింది. వేడి మారినా వేగాన్ని నిలబెట్టుకునే గుణం అప్పటిదాకా ఎక్కువగా దొరికింది చలికాలం ఉన్న దేశాల ప్రాణుల్లోనే. అది చలికాలం నేర్పిన విద్యేనా, లేక ప్రాణి ఒంట్లో ముందునుంచీ ఉన్న గుణమా? దీన్ని తేల్చాలంటే అసలు చలికాలమే ఎరగని ప్రాణిని చల్లటి నీళ్లలో పెట్టి చూడాలి. మార్గశిరంలో తెల్లవారుజామున మన చెరువు నీళ్లు చల్లబడతాయి గానీ, దాన్ని చలికాలమని ఫ్రైడే హార్బర్ ఆల్చిప్ప ఒప్పుకోదు. కాబట్టి మన ప్రాణి ఆ పరీక్షకు సరిగ్గా సరిపోయింది. సర్దుకుంది కూడా. పరీక్షగా అది నిక్కమైన పరీక్ష.

అయినా నా ఫిర్యాదు ఒకటి మిగిలే ఉంది. కాలిఫోర్నియా పత్రంలో ప్రాణిలోంచి దాని ఊరు వినిపించింది. తిరుపతి పత్రాల్లో ఊరు వినిపించదు. అందులో రక్తం ఉంది, ప్రొటీన్ ఉంది, తొట్టి ఉంది. చెరువు లేదు. ఆ ప్రాణి ఏ లోతులో ఉండేది, మే నెలలో అక్కడి బురద ఎంత వెచ్చగా ఉండేది, తూము మూసి ఎన్నాళ్లయింది అన్నవి ఆ పత్రాలకు అక్కర్లేదు. ప్రశ్న ఒంటి లోపలిది కాబట్టి అక్కర్లేదు, నిజమే. కానీ అక్కర్లేనివాటిని వదిలేశాక మిగిలిన ప్రాణి తిరుపతిది కాకపోయినా ఫరవాలేదన్నట్టు అయిపోయింది. నేను చెప్పేది ఈ వరస పత్రాల గురించి మాత్రమే. ఆ శాఖ తర్వాత చేసిన పనుల మీద తీర్పు కాదిది.

చలివైపు సర్దుకోగలదని తేలితే వేడివైపు కూడా సర్దుకోగలదనుకోవడం సహజం. అలా అనుకోకూడదని జొనాథన్ స్టిల్‌మన్ 2003లో పసిఫిక్ తీరపు పోర్సిలిన్ పీతల మీద చూపించారు. ఇప్పటికే ఎక్కువ వేడిని ఓర్చుకుంటున్న జాతులకు, ఆ ఓర్పును ఇంకా పెంచుకునే శక్తి అన్నిటికంటే తక్కువగా ఉంది. చలినేల పీతకు ఇంకా మెట్లు మిగిలి ఉన్నాయి. వేడినేల పీత ఆఖరి మెట్టు మీద నిలబడి ఉంది. ఇదే కొలత మన చెరువు ఆల్చిప్పకు పెడితే ఏం తేలుతుందో గానీ, అడగాల్సిన ప్రశ్న అదే.

నీళ్లు కాగితే ఆల్చిప్ప ఒంట్లో ఏం జరుగుతుందో కాస్త ఆగి చూద్దాం. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 35 డిగ్రీల దగ్గర అది 7కు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ రెట్టింపు దాటుతుంది. ఆదాయం తగ్గినప్పుడే ఖర్చు పెరిగిన సంసారం అది. మొదట మొప్పలు ఇంకా జోరుగా తోడతాయి. ఒక హద్దు దాటాక చిప్పలు మూసుకుపోతాయి, గుండె నెమ్మదిస్తుంది. లోపల మిగిలిన కాస్త నీళ్లతో, ఆక్సిజన్ లేకుండానే శక్తి పుట్టించుకునే దారిలోకి ఒళ్లు మళ్లుతుంది. ఆ దారిలో సక్సినేటులాంటి పులుపు పదార్థాలు పేరుకుంటాయి. ఆ పులుపును విరవడానికి ఆల్చిప్ప తన ఇంటిగోడనే వాడుకుంటుంది. చిప్ప లోపలి సున్నం కొద్దికొద్దిగా కరిగి రక్తంలోకి వస్తుంది. మా గూట్లోని చిప్ప లోపలి వైపు అక్కడక్కడా మెరుపు తగ్గి సుద్దలా ఉంటే, చిన్నప్పుడు అవ్వ అరగదీసిందని అనుకునేవాణ్ణి.

వేడి ఇంకా ఎక్కితే ప్రొటీన్లకు చేటు వస్తుంది. పలమనేరు వైపు పట్టుగూళ్ల దారం తీసేవాళ్లకు చిక్కుపడ్డ పోగు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ప్రొటీన్ కూడా ఒక పోగే. సరిగ్గా మడత పడితేనే పనికొస్తుంది. వేడికి మడత విడిపోయి పోగులు ఒకదానికొకటి చుట్టుకుంటాయి. చిక్కు విప్పి మళ్లీ మడతపెట్టే ప్రొటీన్లు కొన్ని కణంలో ఉంటాయి. వాటిని హీట్ షాక్ ప్రొటీన్లు అంటారు. బాగుచేయలేనివాటికి పారేయమని గుర్తు వేసే యుబిక్విటిన్ అన్న చిన్న ప్రొటీన్ ఇంకొకటి. గ్రెచెన్ హాఫ్‌మన్, జార్జ్ సొమెరో 1995లో పసిఫిక్ ఆల్చిప్పల మొప్పల్లో ఈ రెండింటినీ కొలిచారు. చలికాలంలో కంటే ఎండాకాలంలో రెండూ ఎక్కువ. అంటే చావు దాకా వెళ్లక్కర్లేదు. మామూలు ఎండాకాలపు రోజుల్లోనే ఆ ప్రాణి మరమ్మతు ఖర్చు పెడుతోంది. ఆ ఖర్చు తిండిలోంచి, పెరుగుదలలోంచి, పిల్లల్లోంచి రావాలి. చిప్ప మీద గీతలు దగ్గరపడేది అందుకే.

ఇంతవరకూ రాతి ఆల్చిప్పా చెరువు ఆల్చిప్పా ఒకటే. ఇక్కడ దారి చీలుతుంది. రాతిదానికి కదిలే వీలు దాదాపు లేదు. నారపోగులతో కట్టేసుకుంది కాబట్టి ఎండ వచ్చిందంటే తినాల్సిందే. దాని ఆపద గంటల లెక్క. ఆటు వచ్చిన దగ్గర్నుంచి పోటు వచ్చేదాకా తట్టుకుంటే గట్టెక్కినట్టే. చెరువుదానికి నాలుకలాంటి కండ పాదం ఉంది. దాన్ని బురదలోకి చాపి, కొస ఉబ్బించి, లంగరు వేసినట్టు పట్టు దొరికాక ఒంటిని లోపలికి లాక్కుంటుంది. దాని ఆపద నెలల లెక్క. సంక్రాంతి దాటాక నీళ్లు తగ్గడం మొదలవుతుంది. వర్షం మళ్లీ ఎప్పుడొస్తుందో దానికి చెప్పే పంచాంగం లేదు.

అమెరికా నదుల ఆల్చిప్పల మీద ఈ సంగతి బాగా చూశారు. గఫ్, లాండిస్, స్టోకెల్ 2012లో మూడు జాతులను ఎండిపోతున్న నీళ్లలో పెట్టి గమనించారు. ఒకటి నీళ్లు ఎటు జరిగితే అటు పాకుతూ పోయింది. ఒకటి కొంతదూరం వెంటపడి, ఇక లాభం లేదని బురదలోకి దిగింది. మూడోది మొదటే ఉన్నచోట దిగిపోయింది. ఉన్నచోట దిగినదే వేడినీ ఎండిపోవడాన్నీ బాగా తట్టుకుంది. నీళ్ల వెంట పరుగెత్తినది అన్నిటికంటే అర్భకం. ఓక్లహామాలో స్పూనర్, కారిన్ వాన్ 2008లో చూపించింది ఇంకొకటి. 35 డిగ్రీల దగ్గర కొన్ని జాతులు మామూలుగా పని చేసుకుపోతే, సున్నితమైనవి ఒంటిలోని నిల్వలనే కరగదీసుకున్నాయి. అక్కడ 35 అంటే గడ్డుకాలం. మన చెరువు అంచుల్లోని మోకాటిలోతు నీళ్లకు మే మధ్యాహ్నం అది అరుదైన సంఖ్యేం కాదు. ఈ పత్రాల్లో చెరువు ఉంది, బురద ఉంది, నీళ్లు తగ్గే వేగం ఉంది. తిరుపతి పత్రాల్లో లేని ఊరు వీటిలో ఉంది. తిరుపతి పత్రాలంత నిశితంగా రక్తంలోకి చూసినవి మాత్రం కావు ఇవి. రెండూ ఒకే చేతిలో ఉండాల్సినవి.

హెల్మత్ పాఠం మనకు తిరగేసి వర్తిస్తుంది. అక్కడ నల్లచిప్ప ఎండను పీల్చుకుని గాలికంటే ఎక్కువ కాగుతుంది. ఇక్కడ జానెడు బురద కిందికి దిగిన ప్రాణి పైనున్న నీళ్లకంటే చల్లగా ఉంటుంది. ఇద్దరి విషయంలోనూ వాతావరణ కేంద్రం చెప్పే డిగ్రీలు ఒంటివేడిని చెప్పవు. చిత్తూరులో 42 అంటే చెరువు బురదలో ఎంత? కట్ట నీడ పడే పక్క ఎంత? తూము దగ్గరి మడుగులో ఎంత? తుంగ మొలిచిన మేటలో ఎంత? పసిఫిక్ తీరం అతుకుల బొంత అయితే మన చెరువు కూడా అంతే. దాని అతుకులు లోతులో ఉన్నాయి, అంతే తేడా. హెల్మత్, తోటివాళ్లు ఉత్తుత్తి ఆల్చిప్పలను తర్వాత ప్రపంచమంతటా 71 తీరాల్లో, పద్దెనిమిదేళ్లపాటు బిగించారు. అలాంటిది నాలుగు చెరువుల బురదలో, నాలుగు లోతుల్లో పెట్టడానికి పెద్ద డబ్బులు అక్కర్లేదు. ఉష్ణోగ్రత రాసుకునే చిన్న లాగర్లు ఇప్పుడు ఏ కాలేజీ ప్రయోగశాలకైనా అందే ధరలో ఉన్నాయి. ఈ పని తిరుపతిలో జరగాలన్నది నా కోరిక. ఎందుకంటే ఈ ప్రాణి రక్తాన్ని అంత నిశితంగా చదివింది తిరుపతే.

చెరువు వేరే రకంగానూ సముద్రం కాదు. అక్కడ పోటు రాక తప్పదు. ఇక్కడ నీళ్లు మనుషుల చేతిలో కూడా ఉన్నాయి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఆఖరి మడుగును చేపలకోసం ఎప్పుడు తోడేయాలి, పూడిక మట్టి ఎంత లోతు తీయాలి అన్నవి ఆల్చిప్పకు వేడంత పెద్ద విషయాలు. వేడి నుంచి తప్పించుకోవడానికి అది దిగేది ఆ పూడికలోకే. ఎండాకాలంలో జేసీబీ దిగేదీ అందులోకే. పొలాలకు మట్టి తోలే ట్రాక్టర్ల వెనక తెల్లగా మెరుస్తూ రాలినవి చాలాసార్లు చూశాను. పూడిక తీయకూడదని కాదు, తీయకపోతే చెరువే ఉండదు. కానీ ఒక మూల, తూము వైపు లోతైన చోట, కొంత బురదను కదపకుండా వదిలేయమని అడగడానికి ఈ పత్రాలే ఆధారం. ఇంకో సంగతి. దీని పిల్లలు మొదట్లో చేపల మొప్పలను పట్టుకుని కొన్నాళ్లు బతుకుతాయి. ఆఖరి చేపనూ పట్టేసిన చెరువులో పెద్దవి బురదలో బతికి బయటపడ్డా, ఆ ఏడాది పిల్లలకు ఊయల ఉండదు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూళ్లూరుపేట, గూడూరు వైపు కలిసి తిరుపతి జిల్లాకు సముద్రమూ, పులికాటు సరస్సూ దక్కాయి. ఎండాకాలంలో ఉత్తరం వైపు ఎండిపోయి ఉప్పు మేటలు తేలే పులికాటులో ఉప్పునీటి ఆల్చిప్పలు వేడితోపాటు ఉప్పుతోనూ తలపడతాయి. అది వేరే పెద్ద కథ, వేరే పత్రాలు. ఇప్పుడు ఈ జిల్లా పటంలో చెరువు ఆల్చిప్పా ఉప్పునీటి ఆల్చిప్పా ఒకే గీత లోపలికి వచ్చాయన్న మాట మాత్రం గుర్తుపెట్టుకుంటున్నాను.

పసిఫిక్ తీరంలో బండలు ఉడికిన ఏడాదే, 2021 నవంబరులో, రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట వానలకు కారి, కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఒక ఏడు మొరవ పొర్లే నీళ్లు, ఒక ఏడు నెర్రెలిచ్చిన అడుగు. రాతి ఆల్చిప్పకు రోజుకు రెండుసార్లు వచ్చే ఆటుపోట్లు మన ఆల్చిప్పకు ఏళ్ల తరబడి సాగుతాయి.

మొన్న మే నెలలో మా ఊరి చెరువుకు వెళ్లాను. నీళ్లు తూము దగ్గర మడుగంత మిగిలాయి. పాదం పెడితే గోరువెచ్చగా ఉన్నాయి. మడుగు చుట్టూ బురద మీద ఒక గీత, వేలితో గీసినట్టు వంకరటింకరగా, నీళ్ల వైపు పోయింది. గీత చివర ఖాళీ చిప్పలు రెండు, కాకులు తినేసినవి. నీళ్ల వెంట పాకినది అదే అయ్యుంటుంది. ఇంకాస్త ఎగువన, పైకి పెచ్చుకట్టి లోపల మెత్తగా ఉన్నచోట చేయి పెట్టి తవ్వాను. నాలుగు వేళ్ల లోతు దాకా వెచ్చన, ఆ తర్వాత చల్లన. జానెడు లోతులో గట్టిగా తగిలింది. తీసి చూస్తే అరచేతికి సరిపోయేంత ఉంది. ఖాళీ చిప్పయితే తేలిగ్గా ఉంటుంది, ఇది బరువుగా ఉంది. రెండు చిప్పల మధ్య సన్నటి తడి గీత. వేలు తగలగానే ఆ గీత కూడా మూసుకుపోయింది, ఒక్క బొట్టు నీళ్లు కారి. అంచున గీతలు బాగా దగ్గరగా ఉన్నాయి. లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేశాను, ఎండలో దాన్ని అంతసేపు ఉంచడం ఇష్టంలేక. అదే గుంటలో, నీళ్లు తోడుకునే కొస పైకి ఉండేలా నిలబెట్టి, చల్లటి బురద ముందు వేసి, వెచ్చటిది పైన కప్పి, అరచేత్తో అదిమి వచ్చాను.